వేవిళ్ళు మొదలయ్యే లోపే

అమ్మడూ,

"కడుపులో బిడ్డకు ముందు ఏది తయారవుతుంది తాతయ్యా, తలనా, గుండెనా?" అని అడిగావు. ఒక్క ముక్కలో చెప్పాలంటే, అన్నిటికన్నా ముందు పనిలోకి దిగేది గుండె. దానికంటే ముందే రూపు కట్టడం మొదలయ్యేది మెదడూ, వెన్నుపామూ. కొత్తగా పెళ్ళయిన పిల్లకు ఈ ఒక్క ముక్క చాలదు. ఈ విషయంలో తేదీలు చాలా ముఖ్యం. ఏ రోజున ఏం జరుగుతుందో తెలిస్తే, ఒక చిన్న మాత్ర ఎప్పటినుంచి వేసుకోవాలో ఎవరూ చెప్పకుండానే నీకు అర్థమవుతుంది. అందుకని తీరిగ్గా చెబుతాను. అబ్బాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకో. బిడ్డ ఇద్దరిదీ కదా.

ముందు లెక్క సంగతి తేల్చుకోవాలి. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళగానే చివరి నెలసరి ఏ తారీఖున వచ్చిందని అడుగుతుంది. అక్కడినుంచే వారాలు లెక్కపెడుతుంది. ఆ రోజుకు బిడ్డ ఇంకా లేనే లేదు. 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్ళలో ఇంచుమించు పద్నాలుగో రోజున అండం విడుదలవుతుంది. అది శుక్రకణంతో కలిసినప్పటినుంచే బిడ్డ వయసు మొదలు. కాబట్టి డాక్టరు చీటీలో "ఆరు వారాలు" అని ఉంటే, లోపలి బిడ్డ వయసు నాలుగు వారాలే. ఈ రెండు వారాల తేడా చాలామందికి తెలియదు. ఇక్కడ నేను చెప్పే రోజులన్నీ బిడ్డ వయసు లెక్కనే.

ఆ అండం గురించి ఒక మాట. నీలో ఉన్న అండకణాలేవీ నువ్వు పెద్దమనిషివయ్యాక పుట్టినవి కావు. నువ్వు మీ అమ్మ కడుపులో ఉండగానే అవన్నీ తయారైపోయాయి. ఐదో నెల నాటికి ఆడశిశువులో అవి అరవై డెబ్భై లక్షల దాకా ఉంటాయి. తర్వాత తగ్గుతూ వచ్చి, పుట్టేసరికి పది ఇరవై లక్షలు మిగులుతాయి. అంటే, ఏ అండం నుంచి నువ్వు పుట్టావో అది మీ అమ్మమ్మ మీ అమ్మను మోస్తున్న రోజుల్లోనే తయారైంది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా మీ అమ్మమ్మ మీద నాకు గౌరవం పెరుగుతుంది.

అండమూ శుక్రకణమూ కలిసేది గర్భాశయంలో కాదు, దాని పక్కన ఉండే అండవాహికలో. అలా ఏర్పడిన తొలి కణం మిల్లీమీటరులో పదోవంతు ఉంటుంది. అది రెండుగా చీలడానికి ఒక రోజుకు పైగానే పడుతుంది. మూడో రోజుకు ఎనిమిది కణాల దాకా అవుతాయి. కణాలు పెరుగుతున్నా మొత్తం పరిమాణం పెరగదు, ఎందుకంటే అవన్నీ ఇంకా పాత పొరలోనే ఇరుక్కుని ఉంటాయి. నాలుగో రోజుకు గర్భాశయంలోకి చేరుతుంది. ఐదో రోజుకు లోపల నీరు చేరి బోలు బంతి అవుతుంది. ఆ బంతి లోపలి గోడకు ఒక పక్కగా అంటుకున్న కొద్దిపాటి కణాల నుంచే బిడ్డ. బయటి వరస కణాల నుంచి మాయ. ఆరో రోజుకు పాత పొరను చీల్చుకుని బయటికి వచ్చి గర్భాశయపు గోడను పట్టుకుంటుంది. రెండో వారమంతా ఆ గోడలో కుదురుకోవడంతోనే సరిపోతుంది. ఈ బయటి కణాలే హెచ్‌సీజీ అనే హార్మోనును తల్లి రక్తంలోకి వదులుతాయి. మందుల షాపులో కొనుక్కునే ప్రెగ్నెన్సీ కిట్ మూత్రంలో వెతికేది దాన్నే.

మూడో వారంలో అసలు పని మొదలవుతుంది. అప్పటిదాకా రెండు పొరల పలుచని బిళ్ళగా ఉన్న పిండం మీద, పదిహేనో రోజు ప్రాంతంలో సన్నని గీత ఒకటి కనిపిస్తుంది. పై పొర కణాలు ఆ గీత దగ్గరికి జరిగి లోపలికి దిగి పరుచుకుంటాయి. రెండు పొరలు మూడు అవుతాయి. పై పొర నుంచి చర్మమూ, నాడీ వ్యవస్థా. నడిమి పొర నుంచి ఎముకలు, కండరాలు, గుండె, రక్తం, మూత్రపిండాలు. కింది పొర నుంచి పేగుల, ఊపిరితిత్తుల లోపలి పొరలూ, కాలేయమూ. ఇంటర్ జువాలజీలో బాహ్యస్త్వచం, మధ్యస్త్వచం, అంతస్త్వచం అని నువ్వు బట్టీపట్టినవి ఇవే. పరీక్ష కోసం చదివినప్పుడు అవి ఉత్త పేర్లు. నీ ఒంట్లో జరగబోయేదిగా చదివితే వాటి బరువు వేరు.

ఇక్కడ కాస్త ఆగుదాం. నీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

పద్దెనిమిదో రోజు ప్రాంతంలో పై పొర నడుమ భాగం మందంగా మారుతుంది. తలవైపు వెడల్పుగా, తోకవైపు సన్నగా ఉండే ఈ మందపాటి భాగాన్ని నాడీ ఫలకం అంటారు. దీని కింద నిలువునా పృష్ఠవంశం అనే సన్నని కడ్డీ ఉంటుంది. పైనున్న కణాలు నాడీకణాలుగా మారడానికీ, నడుమన వంగడానికీ సంకేతాలు అందించేది అదే. ఒక తమలపాకును అరచేతిలో పెట్టుకుని చూడు. నడుమ ఈనె కింద వేలు ఆనించి రెండు అంచులనూ మెల్లగా పైకి లేపితే, ఈనె దగ్గర ఆకు గాడి పడుతుంది, అంచులు ఒకదానివైపు ఒకటి వాలతాయి, చివరికి కలిసి ఆకు గొట్టమవుతుంది. పిండం వీపు మీద జరిగేది సరిగ్గా ఇదే. నాడీ ఫలకం అంచులు లేచి, వంగి, కలిసి గొట్టంగా మూసుకుంటాయి. అదే నాడీ నాళం. పైభాగం మెదడవుతుంది, మిగతాది వెన్నుపాము.

అంచులు ముందుగా కలుసుకునేది మెడ దగ్గర, ఇరవై రెండో రోజున. అక్కడినుంచి మూత పైకీ కిందికీ రెండు వైపులా సాగుతుంది. తలవైపు చివర ఇరవై ఐదో రోజుకు మూసుకుంటుంది. తోకవైపు చివర ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది రోజులకు. అప్పటికి పిండం పొడవు నాలుగు మిల్లీమీటర్ల అటూఇటూ. పైన చర్మం అతుక్కుపోతుంది, గొట్టం లోపలికి వెళ్ళిపోతుంది. మొదలుపెట్టిన పది రోజుల్లో పని పూర్తి.

మెడ దగ్గర అంచులు కలిసే ఆ రోజుల్లోనే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పటికి దానికి నాలుగు గదులూ లేవు, కవాటాలూ లేవు. రెండు సన్నని గొట్టాలు కలిసి ఒకటైన గొట్టం అది. అది మెలి తిరిగి, లోపల గోడలు కట్టుకుని, గదులుగా మారడం ఆ తర్వాతి నెల పని.

అంచులు కలుస్తున్నప్పుడు అక్కడినుంచి కొన్ని కణాలు విడిపోయి వలస పోతాయి. జీవశాస్త్రంలో నాకు ఎప్పటికీ పాతబడని సంగతి ఇది. వీపు నడుమ పుట్టిన ఆ కణాలు పిండంలో మూలమూలకూ నడిచిపోతాయి. కొన్ని చర్మంలోకి చేరి ఒంటి రంగునిచ్చే కణాలవుతాయి. కొన్ని ముఖంలోకి వెళ్ళి దవడలూ, బుగ్గల ఎముకలూ కడతాయి. కొన్ని పేగుల గోడల్లోకి చేరి వాటిని కదిలించే నాడులవుతాయి. నీ ముఖం తీరూ, నీ ఒంటి చాయా, తిన్న అన్నం పేగుల్లో కదలడమూ, మూడింటికీ మూలం ఆ అంచుల్లోనే ఉంది.

ఇప్పుడు క్యాలెండర్ తీసి చూడు. నెలసరి రావలసిన రోజుకు బిడ్డ వయసు పద్నాలుగు రోజులు. నాడీ నాళం మూసుకోవడం పూర్తయ్యేది ఇరవై ఎనిమిదో రోజుకు. అంటే నెల తప్పిన రెండు వారాలకల్లా అంతా ముగిసిపోతుంది. నెలసరి సక్రమంగా రాని ఆడపిల్లలు ఆ పాటికి అనుమానం కూడా పడరు. వేవిళ్ళు సాధారణంగా మొదలయ్యేది ఆ సమయం అటూఇటూగానే. డాక్టరును కలిసేది రెండో నెలలోనో, మూడో నెలలోనో. ఇక మన ఇళ్ళలో గాజులు తొడిగి, చలిమిడి పెట్టి, కడుపుతో ఉన్న పిల్లను నెత్తిన పెట్టుకునేది ఐదో నెలలోనో, ఏడో నెలలోనో. ఆ ముచ్చట్లన్నీ జరగాల్సిందే. కానీ బిడ్డ మెదడుకూ వెన్నుకూ మన తోడు ఎక్కువ అవసరమైన రోజులు అప్పటికి ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటాయి.

ఆ మూత సరిగ్గా పడకపోతే? తలవైపు తెరుచుకుని ఉండిపోతే మెదడు, పుర్రె పైభాగం ఏర్పడవు. అనెన్‌సెఫలీ అంటారు. అలాంటి బిడ్డ పుట్టినా కొన్ని గంటలో, కొద్ది రోజులో తప్ప బతకదు. కింది భాగంలో మూసుకోకపోతే స్పైనా బైఫిడా. వీపు మీద పుండులాగో, సంచిలాగో వెన్నుపాము బయటికి కనిపిస్తుంది. పుట్టగానే ఆపరేషన్ చేసి మూస్తారు. తలలో నీరు చేరితే దాన్ని మళ్ళించే గొట్టం పెడతారు. కాళ్ళలో బలం లేకపోవడం, మలమూత్రాల మీద అదుపు లేకపోవడం చాలామందికి జీవితాంతం ఉంటాయి. వాళ్ళలో చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్ళూ ఉన్నారు. అయితే దానివెనక ఆ తల్లిదండ్రులు పడే కష్టం ఇంతా అంతా కాదు. ఐదో నెలలో చేసే టిఫా స్కాన్‌లో ఈ లోపాలు కనిపిస్తాయి. కనిపించేనాటికి దిద్దుకునే రోజులు మాత్రం గడిచిపోయి ఉంటాయి.

కంటికి కనిపించని ఈ రోజుల లెక్క ఎలా తెలిసిందంటావా? కోడిపిల్ల సంగతి ఏనాడో తెలుసు. గ్రీసులో అరిస్టాటిల్ పొదిగిన గుడ్లను వేర్వేరు రోజుల్లో పగలగొట్టి, లోపల గుండె కొట్టుకోవడం చూసి రాసిపెట్టాడు. మన గర్భోపనిషత్తు ఒక రాత్రికి కలలం, ఏడు రాత్రులకు బుద్బుదం అంటూ వరస చెప్పింది. రూపం లేనిదాని నుంచి రూపం మెల్లమెల్లగా వస్తుందన్న ఊహ సరైనదే. అయితే తల ఏర్పడేది రెండు నెలలకు అన్న లెక్క మాత్రం నిలవలేదు. మనిషి పిండం సంగతి రోజులవారీగా తేలింది అమెరికాలోని బాల్టిమోర్‌లో. ఫ్రాంక్లిన్ మాల్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త గర్భస్రావాల్లో దొరికిన పిండాలను డాక్టర్ల నుంచి సేకరించడం మొదలుపెట్టాడు. 1914లో కార్నెగీ సంస్థ అక్కడ ఒక విభాగమే పెట్టింది. ఒక్కో పిండాన్ని పలుచని ముక్కలుగా కోసి, అద్దాల మీద పరిచి, మైనంతో పెద్ద నమూనాలు చేశారు. మొదటి ఎనిమిది వారాలను 23 దశలుగా విభజించారు. మొదటి రెండు వారాల పిండాలు మాత్రం అందులో చాలా తక్కువ. ఆ లోటును బోస్టన్‌లో హెర్టిగ్, రాక్ అనే ఇద్దరు డాక్టర్లు పూరించారు. గర్భసంచి తీయించుకోవలసి వచ్చిన స్త్రీల నుంచి పదిహేడు రోజుల లోపు వయసున్న 34 పిండాలను వాళ్ళు సేకరించారు. పాఠ్యపుస్తకాల్లోని ఆ తొలినాళ్ళ బొమ్మలకు ఆధారం అవే. ఆ స్త్రీలకు ప్రపంచంలోని తల్లులందరూ రుణపడి ఉన్నారని నా అభిప్రాయం.

ఇక మొదట్లో చెప్పిన ఆ చిన్న మాత్ర సంగతి. దాని కథ మొదలైంది మన దేశంలోనే, అదీ గర్భిణుల దగ్గరే. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరు బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలకు కడుపుతో ఉన్నప్పుడు ఒక రకం తీవ్రమైన రక్తహీనత వచ్చేది. ఆవిడ పరీక్షలు చేసి, ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక తినుబండారం తినిపిస్తే అది నయమవుతోందని 1931లో ప్రకటించింది. అందులో ఏదో పోషకం ఉందని తేలింది, అదేమిటో తేలలేదు. 1941లో టెక్సాస్‌లో కొందరు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరను పిండి వడగట్టి ఆ పోషకాన్ని రాబట్టారు. దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరుపెట్టింది వాళ్ళే. అలా టన్నులకొద్దీ ఆకు పిండితే జనానికి అందేదెలా? ఆ పని సాధించింది న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాల. ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేశామని 1945లో ఆ బృందం ప్రకటించింది. అక్కడ పరిశోధనలన్నిటికీ పెద్ద దిక్కు ఎవరనుకున్నావు? భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బుకు తర్వాత ఫోలిక్ యాసిడే మందైంది.

ఫోలిక్ యాసిడ్ చేసే పని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఒక కణం రెండు కావాలంటే దానిలోని డీఎన్ఏ మొత్తానికి మరో ప్రతి తయారుకావాలి. ఆ తయారీకి కావలసిన ఒక ముఖ్యమైన దినుసు ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్‌కు సహజ రూపం) లేకుండా పుట్టదు. అది కరువైతే, రక్తకణాల్లాగా వేగంగా పెరిగే కణాలకు ముందుగా దెబ్బ తగులుతుంది. నాడీ ఫలకం అంచులూ అంతే వేగంగా పెరిగేవి. ఇదే గుణాన్ని సుబ్బారావు బృందం తిరగేసి వాడుకుంది. ఫోలేట్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్ అనే మందు చేసి బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్‌కు ఇస్తే, ఆయన రక్త క్యాన్సర్ పిల్లలకు వాడి జబ్బును కొంతకాలం అదుపు చేయగలిగాడు. అదే మందును తొలినాళ్ళ గర్భిణులకు ఇచ్చినప్పుడు పిండాలకు ఘోరమైన అవకరాలు వచ్చినట్టు 1952లో బయటపడింది. ఫోలేట్‌కూ పిండానికీ ఉన్న ముడి అలా తెలియడం మొదలైంది.

ఇంగ్లండులో హిబ్బార్డ్, స్మిథెల్స్ అనే డాక్టర్లు 1965లో, అవకరాలున్న బిడ్డల్ని కన్న తల్లుల్లో ఫోలేట్ లోపం ఎక్కువగా కనిపిస్తోందని రాశారు. నమ్మినవాళ్ళు తక్కువ. చివరికి ఏడు దేశాల్లో 33 కేంద్రాల్లో పెద్ద పరీక్ష జరిగింది. అంతకుముందు నాడీ నాళం మూసుకోని బిడ్డ పుట్టిన తల్లులకే, మళ్ళీ గర్భం దాల్చకముందు నుంచి రోజుకు నాలుగు మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. 1991లో ఫలితం వచ్చింది. మళ్ళీ అదే లోపం రావడం 72 శాతం తగ్గింది. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు. 1992లో హంగరీలో జరిగిన పరీక్షలో, ముందు ఎలాంటి చరిత్రా లేని తల్లులకు కూడా ఇది మేలు చేస్తుందని తేలింది. 1998 నుంచి అమెరికాలో పోషకాలు చేర్చి అమ్మే గోధుమపిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి చేశారు. సుబ్బారావు ఇదేదీ చూడలేదు. 1948లో, 53 ఏళ్ళకే కన్నుమూశారు.

మళ్ళీ బిడ్డ దగ్గరికి వస్తే, నాలుగో వారం తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. చేతుల మొగ్గలు ఆ వారం చివర్లో, కాళ్ళ మొగ్గలు ఒకటి రెండు రోజుల తేడాతో వస్తాయి. వేళ్ళు మొదట చర్మంతో కలిసి ఉంటాయి. నడుమనున్న కణాలు చనిపోయి వేళ్ళు విడివడతాయి. పిండానికి ఉన్న చిన్న తోక ఎనిమిదో వారానికి మాయమవుతుంది. అప్పటికి బిడ్డ పొడవు మూడు సెంటీమీటర్లు, ముఖ్యమైన అవయవాలన్నిటికీ పునాది పడిపోయి ఉంటుంది. మిగతా నెలలు పెరగడానికీ, పదును తేరడానికీ.

పై పెదవి రెండు పక్కల నుంచి వచ్చి అతుక్కునేది ఆరు, ఏడు వారాల్లో. అది అతకకపోతే వచ్చేదే గ్రహణం మొర్రి. గ్రహణం రోజున కడుపుతో ఉన్న పిల్ల కత్తి పట్టిందనో, కూర తరిగిందనో అలా అయిందని అత్తగారింట్లో నిందలు పడ్డ ఆడవాళ్ళను నేను చూశాను. ఏడో నెలలో గ్రహణం వస్తే బిడ్డ పెదవి అప్పటికి ఎన్నో నెలల కిందటే అతుక్కుని ఉంటుంది, దాన్ని మళ్ళీ చీల్చే శక్తి ఏ నీడకూ లేదు. నువ్వు ఎవరి నోటనైనా ఆ మాట వింటే, మర్యాదగానే అయినా, గట్టిగా ఖండించు.

ఇక చేయవలసింది. బిడ్డ కావాలని మీరిద్దరూ అనుకోగానే, కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర మొదలుపెట్టు. డాక్టరు లెక్కలో పన్నెండు వారాలు నిండేదాకా మానొద్దు. మన తోటకూర, పాలకూర, పెసలు, శనగలు అన్నిటిలో ఫోలేట్ ఉంది, రోజూ తిను. కానీ ఎక్కువసేపు ఉడికిస్తే అది చాలావరకు పోతుంది, ఉడికించిన నీళ్ళు పారబోస్తే మరికొంత పోతుంది. అందుకే ఆకుకూర తిన్నా మాత్ర మానకూడదు. అంతకుముందు నాడీ నాళం మూసుకోని బిడ్డ పుట్టినవాళ్ళకు ఎక్కువ మోతాదు కావాలి. అది డాక్టరే రాయాలి, సొంతంగా పెద్ద మాత్రలు మింగితే బి12 లోపం బయటపడకుండా దాగిపోయే ప్రమాదం ఉంది. మూర్ఛకు వాల్‌ప్రోయేట్, కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడి తీరాలి. మూర్ఛ మందు మాత్రం ఎవరూ తమంతట తాము ఆపేయకూడదు. ఈ మాత్ర వేసుకున్నవాళ్ళలో ఎవరికీ లోపం రాదని చెప్పలేం, జన్యువుల పాత్ర కూడా ఉంది. చేతనైనంత ప్రమాదాన్ని చేతనైన సమయంలో తగ్గించడమే ఇది.

పెళ్ళయిన నీ స్నేహితురాళ్ళకూ, మీ ఆఫీసులో పిల్లలకూ ఈ సంగతి చెప్పు. సీమంతానికి పిలిచినప్పుడు కాదు, పెళ్ళి శుభలేఖ ఇచ్చినప్పుడే చెప్పు.